మా పాత మారుతీకి ఎరుపు మళ్లీ ఎలా వచ్చిందంటే

మా మారుతీ 800ని నాన్న 2003 మార్చిలో కొన్నారు. ఆయన తెలుపు తీసుకుందామంటే, అమ్మ ఎరుపే కావాలని పట్టుబట్టింది. నంబరు ఏపీ 31తో మొదలవుతుంది. అప్పట్లో విశాఖపట్నం బళ్లకి అదే ఇచ్చేవారు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 ఇవ్వడం మొదలయ్యాక, 31 కనిపిస్తే చాలు ఇది మన ఊరి పాత బండి అని తెలిసిపోతుంది.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. మోకాలి ఆపరేషన్ తర్వాత డ్రైవింగ్ మానేశారు. దాంతో బండి రెండేళ్లపాటు ఎంవీపీ కాలనీలో మా గేటు ముందు, బాదం చెట్టు పక్కన నిలబడిపోయింది. సగం మీద నీడ, సగం మీద ఎండ. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచేవాళ్లం కానీ, పైన ఏమవుతోందో పట్టించుకోలేదు. మా ఇంటికి సముద్రం దగ్గర. సాయంత్రం కిటికీ అద్దం మీద వేలు పెడితే ఉప్పు జిగురు తగులుతుంది. అదే గాలి బండి మీదా రోజంతా వీస్తుంది కదా.

పోయిన అక్టోబర్‌లో ఇక నేనే నడుపుకుందామని బండిని సరిగ్గా చూశాను. టాపు, బానెట్ ఎరుపు పోయి పాలిపోయిన గులాబీ రంగుకి వచ్చేశాయి. వేలితో రాస్తే సున్నంలా పొడి అంటుకుంది. చెట్టు వైపు తలుపులు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కాకుల రెట్టలు ఎండిన చోట్ల గుండ్రటి మచ్చలు. ఎడమ ముందు మడ్‌గార్డ్ మీద, చక్రం పైన, రంగు బొబ్బలా ఉబ్బింది. కుడి వెనక వైపు ఒక పొడవాటి గీత. అది 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను రోజు పడింది. ఎదురింటి మేడ మీది రేకు ఎగిరొచ్చి గీసుకుంటూ పోయింది. ఆ రోజు ఊళ్లో చెట్లన్నీ పడిపోయాయి, వారాలపాటు కరెంటు లేని ఇళ్లున్నాయి. కారు మీద గీత గురించి ఎవరు ఆలోచిస్తారు? అలాగే ఉండిపోయింది.

మొదట అడిగిన షాపులో చూడగానే, "ఫుల్ బాడీ పెయింటింగ్ చేసేద్దాం మేడమ్, నలభై వేలవుద్ది" అన్నారు. ఇంకోచోట అడగడానికి నాకు భయమేసింది. ఎందుకంటే నాలుగేళ్ల కిందట ఒకచోట పాలిష్ చేయించాం. అక్కడి కుర్రాడు ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే మెషిన్‌ని బానెట్ అంచు మీద ఎక్కువసేపు ఆపేశాడు. రంగు కాలిపోయి, దాని కింద మొదటి పూతగా వేసే బూడిద రంగు ప్రైమర్ జానెడు పొడవున తేలిపోయింది. అంచుల దగ్గర రంగు పలచగా ఉంటుంది, అక్కడే వేడి కూడా ఎక్కువ పుడుతుంది. ఈ సంగతి నాకు ఆ తర్వాత తెలిసింది.

నాన్నకి గాజువాక ఆటోనగర్‌లో పాత పరిచయం ఉన్న పెయింటర్ ఒకాయన ఉన్నారు. బాబాయ్ అని పిలుస్తాను. బండి తీసుకెళ్లి ఫుల్ పెయింటింగ్‌కి ఎంతవుతుందని అడిగాను. ఆయన ఒక చుట్టు తిరిగి, తలుపు తెరిచి లోపలి అంచులు చూసి, నా మీద కోప్పడినంత పని చేశారు.

"ఏటమ్మా, ఇంత ఒరిజినల్ రంగుని గీకించేస్తానంటావేటి? ఇది కంపెనీ ఓవెన్‌లో కాలిన రంగు. మేం ఎంత బాగా కొట్టినా ఆ గట్టిదనం రాదు."

దాని అర్థం ఆయనే విడమర్చి చెప్పారు. ఫ్యాక్టరీలో సీట్లు, వైర్లు, రబ్బరు ఏవీ బిగించకముందే ఉట్టి రేకు బాడీని ప్రైమర్ తొట్టిలో ముంచి, రంగు కొట్టి, 140 డిగ్రీల దాకా వేడిలో కాలుస్తారు. బయట షాపులో అంత వేడి పెడితే బండిలోని ప్లాస్టిక్ కరిగిపోతుంది, అందుకని 60 డిగ్రీల దగ్గరే ఆపాలి. చాలా షాపుల్లో అదీ ఉండదు, ఎండలో ఆరబెట్టడమే. పైగా నలభై వేలకి అద్దాలు, వాటి చుట్టూ ఉండే బీడింగు పట్టీలు విప్పరు. టేపు వేసి కొట్టేస్తారు, రెండేళ్లకి ఆ టేపు వేసిన గీత దగ్గరే రంగు లేవడం మొదలవుతుంది.

తర్వాత ఆయన ఒక తెల్ల గుడ్డకి, రంగుని సన్నగా అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ కాస్త రాసి, టాపు మీద ఒక మూల రుద్ది చూపించారు. గుడ్డ ఎర్రగా అయింది. "చూశావా, పైన క్లియర్ లేదు. ఉట్టి రంగే. నీ అదృష్టం" అన్నారు. ఈ ఒక్క పరీక్ష పాత బండి ఉన్న ప్రతి ఒక్కరూ చేసుకోవాలి. గుడ్డకి రంగు అంటితే అది సింగిల్ స్టేజ్ పెయింట్, అంటే రంగే పై పొర. అంటకపోతే రంగు మీద పారదర్శకంగా క్లియర్ కోట్ ఉన్నట్టు. క్లియర్ కోట్ ఉన్న బండికి ఆ పొర ఊడి పెచ్చులు పెచ్చులుగా లేచిపోతే ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ కొట్టించాల్సిందే. మా బండికి జరిగింది వేరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగుని పట్టి ఉంచే జిగురు లాంటి రెజిన్‌ని విరగ్గొడతాయి. పైన రంగు పొడి విడిపోయి చచ్చిన పొరలా మిగులుతుంది. ఎరుపుకి ఈ దెబ్బ మిగతా రంగులకంటే ఎక్కువ. ఆ పొర కింద మాత్రం అసలు రంగు భద్రంగా ఉంటుంది. మనం చేయాల్సిందల్లా పై పొరని తీసేయడం. అయితే తీసిన ప్రతిసారీ రంగు మందం తగ్గుతుంది. బండి మీది రంగు పొరలన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే ఇంచుమించు రెండు తల వెంట్రుకల మందం. ఈ లెక్క విన్న దగ్గర్నుంచీ పని మీద నాకు భయం, భక్తి రెండూ వచ్చాయి.

బాబాయ్ చెప్పింది చెప్పినట్టు వింటే బాగుండేది. ఇంటికొచ్చాక ఆత్రం ఆగక, ఎర్ర స్ప్రే డబ్బా ఒకటి కొని, తలుపు మీది చిన్న గీత మీద కొట్టేశాను. అక్టోబర్ నెల, ముందురోజు వాన, గాలంతా చెమ్మ. పది నిమిషాల్లో ఆ చోటంతా పాలు ఒలికినట్టు తెల్లగా మారిపోయింది. ఏడుపొచ్చింది. ఫోన్ చేస్తే బాబాయ్ కారణం చెప్పారు. స్ప్రేలోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడుతుంది, అప్పుడు గాలిలోని తేమ మంచులా తడి రంగులో దిగిపోతుంది. మన ఊళ్లో వానాకాలంలో బయట రంగు కొడితే ఇదే అవుతుందట. "సంక్రాంతి ఎల్లనీ. అప్పుడు మొదలెట్టు. అందాకా దాన్ని ముట్టుకోకు" అన్నారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గాలిలో తేమ తక్కువ. నేను ఆగాను.

జనవరిలో, పండగ సెలవుల చివరి రోజున, తెల్లవారుజామున ఆరింటికి మొదలుపెట్టాను.

కడగడానికే పూట పట్టింది. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. అందుకని కార్పొరేషన్ (జీవీఎంసీ) కొళాయి నీళ్లు ముందురోజే డ్రమ్ములో పట్టి ఉంచాను. రెండు బకెట్లు పెట్టుకున్నాను, ఒకటి సబ్బు నీళ్లకి, రెండోది గుడ్డ జాడించడానికి. ఒకే బకెట్‌తో కడిగితే తీసిన ఇసుకనే మళ్లీ బండికి రుద్దుతాం. పొద్దున్నే పొడి గుడ్డతో దులిపే అలవాటు కూడా ఇలాంటిదే. ఎండలో చూస్తే కనిపించే సాలెగూడు లాంటి సన్న గీతలన్నీ ఇన్నేళ్లు మేం దులిపిన దులుపులే.

కడిగాక రంగు మీద అరచేయి పెడితే ఇంకా గరగరలాడింది. ఇనుప రజను, బొగ్గు ధూళి ఈ ఊరి గాలిలో మామూలే. నాన్న డ్యూటీకి ఇదే బండిలో ఏళ్ల తరబడి వెళ్లొచ్చారు. ఆ రజను రంగులోకి గుచ్చుకుని, సన్నటి నారింజ చుక్కల్లా తుప్పు పడుతుంది. దానికి క్లే బార్ అని బంకమట్టి ముద్దలాంటిది దొరుకుతుంది. సబ్బు నీళ్లు చల్లుతూ దాన్ని మెత్తగా జరుపుతుంటే గరుకంతా అందులోకి వచ్చేస్తుంది. ఒక ముక్క చేయి జారి కింద పడింది. కింద పడిన ముక్కని మళ్లీ వాడకూడదు, ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా కొత్త గీతలు పడతాయి. పారేశాను.

ఆ తర్వాత గోరు పరీక్ష. ప్రతి గీత మీదా అడ్డంగా గోరు నడిపి, తగలకపోతే నీలం టేపు, తగిలితే తెల్ల టేపు అంటించాను. మొత్తం 17 గీతలు తేలాయి. గోరుకి తగలనివి 11. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, తన పాత లాగ్‌బుక్‌లో బండి బొమ్మ గీసి, ఏ గీత ఎక్కడుందో నంబర్లు వేశారు. ఆ పుస్తకంలో 2003 నుంచి పోయించిన ప్రతి లీటర్ పెట్రోలు లెక్క ఉంది.

కాంపౌండ్ పని బానెట్‌తో మొదలుపెట్టాను. బానెట్‌ని మధ్యలో టేపుతో రెండు సగాలు చేశాను, అంచులన్నిటికీ కూడా టేపు వేశాను. మెషిన్ విషయంలో నాలుగేళ్ల కిందటి దెబ్బ గుర్తుంది కాబట్టి, ఊగుతూ తిరిగే డ్యుయల్ యాక్షన్ రకం కొన్నాను. ఇది నెమ్మదిగా పనిచేస్తుంది, ఒకేచోట వేడి పుట్టించదు, చేయి కొత్త అయినా రంగుని కాల్చేయడం కష్టం. రెండు జానల చదరం తీసుకుని, ప్యాడ్ మీద శనగగింజంత కాంపౌండ్ నాలుగు చుక్కలు పెట్టి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి మెల్లగా నడిపించాను. ప్యాడ్ ఎర్రగా, ముద్దగా అయిపోయేది. ప్రతి రెండు చదరాలకీ బ్రష్‌తో శుభ్రం చేయకపోతే చచ్చిన రంగునే మళ్లీ పూసినట్టవుతుంది.

గంటన్నర తర్వాత సగం బానెట్ తుడిచి టేపు లాగాను. ఒక పక్క పాత గులాబీ రంగు, ఇంకో పక్క నిండు ఎరుపు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఎరుపు వైపు బాదం ఆకులు నీడలా కనిపిస్తున్నాయి. లోపలికి పరిగెత్తి అమ్మని పిలుచుకొచ్చాను. అమ్మ చేతికి పిండి ఉంది, తాకబోయి ఆగింది. "ఇదే. షోరూంలో చూసింది ఇదే రంగు" అంది. నాన్న ఏమీ అనలేదు. లేచి నిలబడి చాలాసేపు చూశారు.

బండి మొత్తానికి నాలుగు ఆదివారాలు పట్టింది. ఎండ పడితే కాంపౌండ్ నిమిషంలో ఎండి రాయిలా పట్టేస్తుంది, కాబట్టి ఆరు నుంచి తొమ్మిది వరకే పని. టాపు అన్నిటికంటే కష్టం. మధ్య భాగం బాగా వచ్చింది. కానీ నీళ్లు జారే కాలువ పక్కన రుద్దుతుంటే ఎరుపులో సన్నగా బూడిద రంగు ఛాయ మొదలైంది. అంటే రంగు అయిపోయి ప్రైమర్ దగ్గర పడుతోందన్న మాట. వెంటనే ఆపేశాను. అక్కడ రెండు వేళ్ల వెడల్పున ఇప్పటికీ కొంచెం వెలిసినట్టే ఉంటుంది. ఇంకో రెండు సార్లు తిప్పితే మెరుస్తుందేమో అన్న ఆశ పుడుతుంది, కానీ ఉన్న కాస్త రంగూ పోతే డబ్బు పెట్టి కొన్నా రాదు.

గోరుకి తగలని 11 గీతలూ కాంపౌండ్‌తోనే పోయాయి. మిగిలిన ఆరింటికీ రంగు కావాలి. బానెట్ కింది ప్లేట్ మీద కలర్ కోడ్ చెరిగిపోయింది. పెట్రోల్ ట్యాంక్ మూత విప్పి పెయింట్ షాపుకి పట్టుకెళ్లాను. ఇక్కడ బాబాయ్ ముందే చెప్పిన మాట ఎంత మేలు చేసిందో చెప్పలేను. మ్యాచింగ్‌కి ఇచ్చే ముక్కని ముందు పాలిష్ చేసి తీసుకెళ్లాలి. వెలిసిన ముక్క ఇస్తే వెలిసిన రంగే కలిపిస్తారు, బండి మెరిశాక ఆ మచ్చ వేరుగా కనిపిస్తుంది. షాపులో ఆయన కాటా మీద చుక్క చుక్కగా కలిపి, అట్ట మీద పూసి, ఆరాక వీధిలోకి తెచ్చి ఎండలో మూత పక్కన పెట్టి చూశారు. మూడోసారికి కలిసింది. ట్యూబ్‌లైట్ కింద మొదటిసారే కలిసినట్టు కనిపించింది, ఎండలోకి తెస్తే తేడా తెలిసింది.

హుద్‌హుద్ గీతకి సున్నా నంబర్ బొమ్మల బ్రష్ వాడాను. గీత లోపల జిడ్డు లేకుండా తుడిచి, రేకు కనిపిస్తున్న అంగుళం మేర ముందు ప్రైమర్ పెట్టి, తర్వాత రంగుని గీతలోకి మాత్రమే వదిలాను. ఒకేసారి మందంగా నింపితే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది, తర్వాత కుంగుతుంది. మూడు రోజుల్లో ఐదు పలచటి పూతలు. చుట్టూ ఉన్న రంగుకంటే కాస్త ఎత్తుగా వచ్చాక వారం వదిలేశాను. ఆ తర్వాత పిల్లలు వాడే రబ్బరు ముక్కకి 2000 నంబర్ వాటర్ పేపర్ (తడిపి రుద్దే సన్న గరుకు కాగితం) చుట్టి, సబ్బు నీళ్లలో తడుపుతూ, ఎత్తుగా ఉన్న చోటు చుట్టూ రంగుతో సమానమయ్యే దాకా అరగదీశాను. చేతివేళ్లతో పేపర్ పట్టుకుంటే వేళ్లు నొక్కిన చోట గుంటలు పడతాయి, అందుకే రబ్బరు. మళ్లీ 3000 పేపర్, ఆపై కాంపౌండ్. అరగదీసిన చోట మొదట మసకబారిపోయి గుండె ఆగినంత పనైంది. కాంపౌండ్ తగిలాక మెరుపు తిరిగొచ్చింది. రెండు అడుగుల దూరం నుంచి ఇప్పుడు ఆ గీత కనిపించదు. దగ్గరికి వెళ్లి వాలు వెలుతురులో చూస్తే తెలుస్తుంది. ఇలాగే ఇంకో మూడు సరిచేశాను, వాటిలో తెల్లబారిన ఆ తలుపు మచ్చ కూడా ఉంది. తలుపు అంచుల మీద ఉన్న మిగతా రెంటికీ రంగు పెట్టి ఊరుకున్నాను, పేపర్ ముట్టించలేదు.

మడ్‌గార్డ్ బొబ్బ నా వల్ల అయ్యే పని కాదు. నాన్న స్క్రూ డ్రైవర్‌తో ఆ బొబ్బని గోకితే పెచ్చు ఊడి, కింద గోధుమ రంగు పొర, పెన్సిల్ మొన పట్టేంత రెండు చిల్లులు బయటపడ్డాయి. వెనక వైపు చేయి పెట్టి చూస్తే చక్రం నుంచి ఎగిరిన మట్టి ముద్ద కట్టి, ఇంకా తడిగా ఉంది. ఉప్పు, తడి, మట్టి మూడూ కలిసి రేకుని లోపలి నుంచి తినేశాయి. ఇనుముతో బతికిన మనిషి కదా, నాన్న మొహం చిన్నబోయింది. "ఏడాదికోసారి నీళ్ల పైపు పెట్టి లోపల కొట్టి ఉంటే సరిపోయేది" అన్నారు.

బాబాయ్ ఆ చిల్లుల మీద పుట్టీ పెట్టనన్నారు. పుట్టీ చెమ్మని పీల్చుకుంటుంది, వెనక నుంచి నీళ్లు తగిలితే ఏడాదిలో మళ్లీ బొబ్బ లేస్తుంది. తుప్పు పట్టినంత మేర కోసేసి, చిన్న రేకు ముక్క వెల్డింగ్ చేసి, లోపలా బయటా ఎపాక్సీ ప్రైమర్ వేసి, అప్పుడు పైన పలచగా పుట్టీ లాగారు. మడ్‌గార్డ్ బోల్టులతో బిగించే ముక్క కాబట్టి అతుకు కనపడకుండా మొత్తం ఆ ఒక్క ముక్కకే రంగు కొట్టారు. అది గట్టిపడడానికి హార్డెనర్ కలిపిన పీయూ (పాలీయురేథేన్) పెయింట్. ఆ హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆయన ఆవిర్లని వడగట్టే కాట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకుని, నన్ను రోడ్డు అవతలికి పంపేశారు. ఇంటి వాకిట్లో ఈ పని చేయొద్దని అందరికీ చెబుతున్నాను. కొత్త రంగులోంచి థిన్నర్ పూర్తిగా బయటికి పోవాలి కాబట్టి, నెల దాకా ఆ ముక్క మీద వ్యాక్స్ వద్దన్నారు.

ఖర్చు మడ్‌గార్డ్‌కి 4,500 రూపాయలు. మెషిన్, ప్యాడ్లు, కాంపౌండ్, క్లే, పేపర్లు, టచప్ రంగు, వ్యాక్స్ అన్నీ కలిపి తొమ్మిది వేల లోపు. టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, డీజిల్ గుడ్డ లాంటి చిట్కాలు చాలామంది చెప్పారు. నూనె రాస్తే ఆ పూటకి ఎర్రగా కనిపిస్తుంది, మర్నాటికి దుమ్మంతా దానికే అంటుకుంటుంది. టూత్‌పేస్ట్ కూడా సన్నగా అరగదీసేదే, కాకపోతే ఎంత తీస్తోందో మనకి అంచనా ఉండదు.

సింగిల్ స్టేజ్ రంగుకి పైన కాపలా ఏమీ లేదు కాబట్టి, వ్యాక్స్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పాలిపోతుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి అది రెండు మూడు నెలలకోసారి తప్పదు. నేను ఉగాదికి ఒకసారి వేశాను, మళ్లీ జూన్‌లో వానలకి ముందు వేశాను. వారానికోసారి మంచినీళ్లతో ఉప్పు కడిగేస్తున్నాం, నెలకోసారి నాలుగు చక్రాల లోపలా పైపు పెట్టి కొడుతున్నాను. ప్లాస్టిక్ కవర్ కప్పడం మానేశాం, దాని కింద చెమ్మ నిలిచిపోతోంది. బండిని చెట్టు దగ్గర్నుంచి గోడ నీడలోకి మార్చాం.

పగటి వెలుతురులో మడ్‌గార్డ్ మిగతా బండితో కలిసిపోతుంది. సాయంత్రం వీధి దీపం పడ్డప్పుడు మాత్రం ఒక్క ఇసుమంత ముదురుగా కనిపిస్తుంది. నాన్న లాగ్‌బుక్‌లో బండి బొమ్మ మీద 17 నంబర్లలో 15 కొట్టేసి, మిగిలిన రెండిటి చుట్టూ సున్నా చుట్టారు. ఎడమ వెనక తలుపు అడుగున ఆవగింజంత కొత్త బొబ్బని మొన్న ఆయనే కనిపెట్టి, 18 అని రాశారు. వానలు తగ్గాక, డిసెంబర్‌లో దాని పని చూడాలి.